నాలుగో కాగితం

మొఖోత్లోంగ్ కొండదారిలో మంచు ఇంకా కరగలేదు.
ఆఖరి వాగు దగ్గర జీపు మొరాయిస్తే
దుప్పటి కప్పుకున్న కుర్రాడెవరో గుర్రం అద్దెకిచ్చాడు.
నా సంచిలో నాలుగు కాగితాలు,
ఒక రబ్బరు బొమ్మ.
ఊపిరి తీయడం తెలియని పసిబిడ్డ అది,
నా చేతుల్లో ఎన్ని వందలసార్లు చచ్చి బతికిందో.

మొదటి కాగితం ఆర్నెల్ల కిందటే నిండింది.
శిక్షణ నచ్చిందా అని అడిగి
నవ్వే మొహమొకటి, మూతి ముడిచిన మొహమొకటి వేసిచ్చాం.
అందరూ నవ్వు మీదే టిక్కు పెట్టారు.
ఆ పూట భోజనంలో మాంసం వడ్డించాం మరి.

రెండోది పరీక్ష.
పులెంగ్‌కి ఇరవైకి పదకొండు.
వానలో పుట్టిందని ఆ పేరట,
ప్రశ్న ముందు మాత్రం ఎండిపోయింది.
బిడ్డ ఏడవకపోతే ఏం చేస్తావంటే నేల చూపులు చూసింది.
పక్కనున్న మత్సేపో గడగడా అప్పజెప్పింది:
తుడవాలి, వెచ్చగా కప్పాలి, వీపు నిమరాలి,
అప్పటికీ రాకపోతే మాస్కు, నిమిషం దాటకముందే.
ఆమెకి పందొమ్మిది.
నోటికొచ్చినదానికి మార్కులు వేయడం ఎంత సులువో!

చేతికి రావడం వేరే సంగతి.
మొదటిరోజు పులెంగ్ మాస్కు తలకిందులుగా పట్టుకుంది.
మర్నాడు గాలంతా బుస్సుమని బుగ్గల పక్కనుంచి జారిపోయింది.
ఆ తర్వాత లెక్క కుదిరింది,
ఊపిరి, రెండు, మూడు, అంటూ పెదాలు కదిలేవి.
ఆఖరిరోజు పెదాలు కదలలేదు.
బొమ్మ ఛాతీ లేచింది.
ఏ గడిలో రాయాలా అని వెతికాను.
గడి లేదు.

ఇప్పుడు మూడో కాగితం.
పనిచేస్తుంటే చూడాలి, మాట్లాడకూడదు.
క్లినిక్ కిటికీకి పగిలిన అద్దం చోట అట్టముక్క.
మత్సేపో లేదు, రాజధానిలో ఉద్యోగం దొరికిందట,
పందొమ్మిది మార్కులూ ఆమెతోనే కొండ దిగాయి.
కాన్పు బల్ల పక్కన, చెయ్యి చాపితే అందేచోట
గోడకో మేకు, మేకుకి కడిగిన మాస్కు.
అది నేను నేర్పలేదు.
పొయ్యి దగ్గర తువ్వాళ్ళు వెచ్చబడుతున్నాయి.
అదీ నేర్పలేదు.

తెల్లవారుజామున అత్త భుజం పట్టుకుని ఒక పిల్ల వచ్చింది.
బిడ్డ నీలంగా జారింది.
గదిలో ఎవరూ ఏడవలేదు, బిడ్డతో సహా.
పెన్ను వదిలేసి నేను లోలోపల లెక్కపెడుతున్నాను.
పులెంగ్ లెక్కపెట్టడం లేదు.
రొట్టెపిండి కలిపే మనిషి చేతుల్లా
ఆ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.
ఎంతసేపో.
అప్పుడు పిల్లికూన గొంతు ఒకటి, కోపంగా.

గళ్ళన్నీ నింపాను.

నాలుగో కాగితంలో ఒకటే ప్రశ్న: ఎంతమంది దక్కారు?
రిజిస్టరు తిప్పాను.
ఈ తెల్లవారుతో కలిపి పదకొండు మంది ఏడవకుండా పుట్టారు,
తొమ్మిది మంది దక్కారు.
శాతం కట్టబోతుంటే
పులెంగ్ బల్ల సొరుగులోంచి స్కూలు నోటుబుక్కు తీసింది.
అందులో రెండే పేర్లు, తల్లులవి,
పేర్ల కింద ఆదివారాల తేదీలు.

"ఎందుకు వెళ్తున్నావు?" అన్నాను.
పాఠంలో లేదు కదా అని కూడా అన్నాను, సిగ్గులేకుండా.

"బిడ్డ పోయిందని రొమ్ముకు తెలీదు కదా," అంది,
"మూడో రోజుకి పాలు పడతాయి.
నొప్పికి ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పాలి.
ఊరికే పక్కన కూర్చోవాలి కూడా."

మాస్కు మేకుకి తగిలించి
తువ్వాలు ఉతకడానికి బయటికి వెళ్ళింది.

కాగితం అడుగున
ఇతర విషయాలు అని రెండు గీతలున్నాయి.
పదేళ్ళుగా వాటిని ఖాళీగానే పంపుతున్నాను.
చలికి సిరా బిగుసుకుపోయింది.
పెన్ను చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి రాశాను:
మూడో రోజుకి పాలు పడతాయి.